చింతపిక్కలతో లాక్ ఆపరాన్

పరిశోధన, అధ్యాపక అర్హతకు రాసే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకు మొదటిసారి కూర్చున్నప్పుడు నన్ను దెబ్బతీసింది లాక్ ఆపరాన్, అంటే పాలలోని చక్కెర లాక్టోజ్‌ను వాడుకోవడానికి ఈ.కోలై బ్యాక్టీరియాలో కలిసి పనిచేసే జన్యువుల గుంపు. లాక్టోజ్ ఉంటే ఆన్, లేకుంటే ఆఫ్ అని పట్టిక కంఠతా పట్టాను. పరీక్షలో మ్యుటేషన్లు కలిపి అడిగేసరికి ఆ పట్టిక ఎందుకూ పనికిరాలేదు. పార్ట్ సిలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పయితే ఒకటి కోత.

ఆ ఏడాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా మేడ మీద, గచ్చుపై సుద్దముక్కతో రెండు గీతలు గీశాను. పైది క్రోమోజోమ్, కిందిది ప్లాస్మిడ్, అంటే క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం. జన్యువులను ఆపి ఉంచే రెప్రెసర్ ప్రోటీన్‌కు బదులు చింతపిక్కలు. పిక్క ఏ గీత మీద పుట్టినా రెండో గీతకూ దొర్లిపోగలదు. పిక్క అతుక్కునే డీఎన్ఏ చోటైన ఆపరేటర్ అలా కాదు, అది గచ్చు మీద గీసిన గుర్తు. తన గీత మీది జన్యువులనే శాసిస్తుంది. ట్రాన్స్ (రెండో గీత మీదా పనిచేసేది), సిస్ (తన గీత మీదే పనిచేసేది) అన్న మాటలు నాకు అప్పుడు అర్థమయ్యాయి.

ఒక ఉదాహరణ వేసి చూడండి. రెండు గీతల మీదా రెప్రెసర్ జన్యువు బాగానే ఉంది. పై గీతలో ఆపరేటర్ చెడి పిక్క అతుక్కోవడం లేదు. అక్కడ బీటా గెలాక్టోసిడేజ్ (లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్) జన్యువైన జడ్ పనిచేయదు, పర్మియేజ్ (లాక్టోజ్‌ను కణంలోకి తెచ్చే ప్రోటీన్) జన్యువైన వై పనిచేస్తుంది. కింది గీతలో ఆపరేటర్ బాగుంది, జడ్ ఉంది, వై లేదు. లాక్టోజ్ లేకున్నా పర్మియేజ్ తయారవుతూనే ఉంటుంది. బీటా గెలాక్టోసిడేజ్ మాత్రం లాక్టోజ్ వస్తేనే. పిక్కను పట్టి లాగేసేది నిజానికి లాక్టోజ్ కాదు, దాని నుంచి పుట్టే అల్లోలాక్టోజ్. ఈ తేడా తప్పక గుర్తుంచుకోండి.

గ్లూకోజ్ సంగతి చాలామంది తిరగేసి రాస్తారు. గ్లూకోజ్ తగ్గితే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, అది క్యాప్ ప్రోటీన్‌తో కలిసి ట్రాన్స్‌క్రిప్షన్‌కు, అంటే డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారీకి, ఊపునిస్తుంది. తేలికగా దొరికే తిండి ఉండగా ఈ.కోలై మరో దానికి ఎంజైములు దండగ చేయదు. జాకబ్, మోనో 1961లో ప్రతిపాదించిన ఆపరాన్ నమూనాను చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ట్రిప్టోఫాన్ అమైనో ఆమ్లాన్ని తయారుచేసే జన్యువుల గుంపు ట్రిప్టోఫాన్ ఆపరాన్. అందులోని అటెన్యుయేషన్, అంటే మొదలైన ట్రాన్స్‌క్రిప్షన్‌ను మధ్యలోనే ఆపేయడం, రామకృష్ణా బీచ్‌లో నడుస్తుండగా నాకు అర్థమైంది. యూకారియోట్లలో (కణంలో కేంద్రకం ఉన్న జీవుల్లో) ఇది ఎందుకు కుదరదని స్నేహితురాలు అడిగింది. ఆర్ఎన్ఏ మొదట్లోని లీడర్ భాగంలో పక్కపక్కనే ఉన్న రెండు ట్రిప్టోఫాన్ కోడాన్ల దగ్గర, ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ ఆగిందా, సాగిపోయిందా అన్నదే ఇక్కడ కీలకం. ఆర్ఎన్ఏ ఇంకా తయారవుతుండగానే రైబోజోమ్ దాని మీదికి ఎక్కాలి. కేంద్రకం అడ్డుగోడగా ఉంటే ఎక్కేదెలా?