బ్రెట్‌ఫోర్టన్ పబ్బులో తెల్లటి సున్నాలు

ఇంగ్లండ్‌లోని ఈవ్‌షమ్‌లో, పెద్దవాళ్లను చూసుకునే కేర్ వర్కర్‌గా చేరిన కొత్తలో గురువారం వస్తే టెన్షన్. ఆ రోజు ఒక పెద్దాయన్ని పక్కనున్న బ్రెట్‌ఫోర్టన్‌లో ఫ్లీస్ ఇన్ అనే పబ్బుకు తీసుకెళ్లాలి. పబ్బంటే నాకు మా ఊరి బ్రాందీ షాపే గుర్తొచ్చేది. ఈ డ్యూటీ సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

మొదటి వారం ఆయన్ని జాగ్రత్తగా లోపలికి నడిపించి, నేను మాత్రం దూలానికి తల కొట్టుకున్నాను. ఆయన వడ్రంగి పని చేసి రిటైరైన మనిషి. నా నుదురు సంగతి అడక్కుండా దూలం గురించి మొదలుపెట్టాడు. ఈ పబ్బున్న ఇల్లు కట్టిన రోజుల్లో ఓక్ దుంగలు పచ్చిగా ఉండగానే వాడేవారట. ఇల్లు కట్టాక అవి ఎండుతూ మెలి తిరుగుతాయి. అందుకే ఇక్కడ తిన్నగా ఉన్నది ఒక్కటీ కనపడదు. అతుకులకు కర్ర మేకులే. దుంగల మధ్య ఖాళీల్లో తడిక అల్లి, పేడా గడ్డీ కలిపిన మట్టి మెత్తేవారు.

"మా తాత కట్టిన పాక గోడలూ ఇంతే" అన్నాను.

"ఏం గడ్డి?"

"వరిగడ్డి."

ఆయన కాసేపు ఆలోచించి, ఒప్పుకుంటున్నట్టు తలూపాడు.

ఇది 15వ శతాబ్దం మొదట్లో కట్టిన రైతు ఇల్లు. ఒకే కప్పు కింద ఒక పక్క మనుషులు, ఇంకో పక్క పశువులు. 1848లో పబ్బయింది. ఆ రైతు వంశంలో చివరి యజమానురాలు లోలా టాప్లిన్, 1977లో పోతూ దీన్ని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చింది. ఇక్కడ ఆలూ చిప్స్ అమ్మకూడదని షరతు కూడా పెట్టిందంటారు. ఆ ముసలమ్మ నాకు తెగ నచ్చింది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది పొయ్యి ముందు బండల మీద గీసిన తెల్లటి సున్నాలు. పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు దిగి రాకుండా వేసినవి, ఇప్పటికీ చెరిగిపోనివ్వరు. చెబుతూ పెద్దాయన కొంచెం సిగ్గుపడ్డాడు. మా గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ గురించి, వాకిట్లో ముగ్గు గురించి చెప్పాను. ఆయన నవ్వలేదు. "పని చేస్తుందా?" అని అడిగాడు.

ఫొటో తీసి అమ్మకు వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం ఫోన్ చేసింది.

"పొయ్యి దగ్గర ముగ్గేంట్రా? ఎవరిల్లది?"

"ఎవరో రైతులదమ్మా, పాతది" అన్నాను.