మా పెద్దాడి సోమవారం ఫోన్లు

"అమ్మా, ఇక్కడ నన్ను ఎవరూ ఎక్కడివాడివని అడగరు తెలుసా, నేను నోరు విప్పేదాకా." మా చర్చి తరఫున మత ప్రచారానికి బ్రెజిల్ వెళ్ళిన మా పెద్దాడు ఫోన్లో అన్న మాట ఇది, అదీ నవ్వుతూనే అన్నాడు, ఫోన్ పెట్టేసి వాడి పనిలో వాడు పడిపోయుంటాడు, నాకు మాత్రం వారమంతా అదే మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

అమెరికాలో యూటా రాష్ట్రంలో పుట్టి అక్కడే పెరిగిన పిల్లాడు. గ్రాసరీ షాపులో, స్కూల్లో, ఆఖరికి చర్చిలో కూడా ఎవరో ఒకరు, ప్రేమగానే, ఎక్కడి నుంచి బాబూ అని అడిగేవాళ్ళు. వీడు లీహై అని మేముండే ఊరి పేరు చెప్పేవాడు. కాదు, అసలు ఎక్కడి నుంచి అని వాళ్ళు మళ్ళీ అడిగితే నా వంక చూసేవాడు. నేను వెంటనే రాజమండ్రి, గోదావరి అంటూ మొదలుపెట్టేదాన్ని, నాకు అది చెప్పుకోవడం అంత ఇష్టం. వాడు అలా చూసినప్పుడు వాడికి ఏం కావాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు బ్రెజిల్‌లోని రెసీఫే వీధుల్లో వాడి రంగు, వాడి జుట్టు అక్కడి వాళ్ళలో కలిసిపోయాయి, వాడితో ఉండే ఐడహో పిల్లాణ్ణేమో అందరూ ఆగి మరీ చూస్తున్నారంట. 18 ఏళ్ళు ఇంట్లో ఉండి పొందని నిశ్చింత వాడికి పరాయి ఊళ్ళో దొరికింది. సంతోషించాలి కదా, సంతోషంగానే ఉంది, కానీ ఎక్కడో కొంచెం చివుక్కుమంటోంది కూడా.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. మాది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం, బయట అందరూ మోర్మన్లు అంటారు. మా అబ్బాయిలు 18 నిండాక 24 నెలలు మిషన్‌కి, అంటే మత ప్రచార సేవకి, వెళ్తారు, అమ్మాయిలైతే 18 నెలలు. అబ్బాయిలకి అది బాధ్యత, అమ్మాయిలకి వాళ్ళ ఇష్టం. ఎక్కడికి పంపాలన్నది సంఘమే చూస్తుంది, మనం అడిగేదేం ఉండదు. వాడికి కాల్, అంటే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే ఉత్తరం, వచ్చిన రోజు మా వార్డు, అంటే మా చర్చి వాళ్ళంతా మా హాల్లో చేరారు, మా అమ్మని వాట్సాప్‌లో పెట్టాం, వాడు ఫోన్‌లో తెరిచి గట్టిగా చదువుతున్నాడు, నేను పక్కన నిలబడి ఇండియా పేరు రావాలి ప్రభువా అని లోపల ప్రార్థిస్తూనే ఉన్నా. బ్రెజిల్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టా. ఎక్కడికి పంపినా దేవుడి పనే అని పదిమందికి చెప్పినదాన్ని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నా లెక్క వేరే ఉంది. మనవాళ్ళకి ఈ మిషన్ పని కొత్తేం కాదు. సమోవాలో ఉద్యోగరీత్యా ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు గారు, వాళ్ళావిడ ఎల్సీ గారు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి సొంత బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. 2012లో ఇండియా మొత్తంలో మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, పెట్టింది కూడా హైదరాబాదులోనే. వాళ్ళు పరాయి దేశం నుంచి తమవాళ్ళ దగ్గరికి వెళ్ళారు, మావాడూ అలాగే వెళ్తాడు, రెండేళ్ళు తెలుగువాళ్ళ మధ్య తిరిగితే నేను నేర్పలేకపోయింది వాళ్ళు నేర్పుతారు అనుకున్నా. అంటే నాకు కావాల్సింది వాడి మిషనా, వాడి తెలుగా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే కష్టంగానే ఉంది.

తెలుగు విషయంలో నాది మొండిపట్టే. ఆదివారం చర్చి నుంచి రాగానే గుణింతాల పుస్తకం తీసేదాన్ని. ఒకసారి, అప్పుడు మిడిల్ స్కూల్లో ఉన్నాడు, పెన్సిల్ కింద పెట్టేసి "తెలుగు నేను ఎవరితో మాట్లాడాలమ్మా" అన్నాడు. అమ్మమ్మతో అన్నా. "అమ్మమ్మ తిన్నావా అనే కదా అడుగుతుంది, దానికి జవాబు నాకు వచ్చు" అన్నాడు. కోప్పడ్డా గానీ వాడి మాటలో తప్పేం లేదు. అలాంటి పిల్లాడు ప్రొవోలో మిషనరీ ట్రైనింగ్ సెంటర్‌లో ఆరు వారాలు ఉండి పోర్చుగీసులో ప్రార్థన చేసేస్తున్నాడు, ఇప్పుడైతే కలలు కూడా అందులోనే వస్తున్నాయంట! పేగు బంధం ఉన్న భాష రాలేదు, ఏ సంబంధమూ లేని భాష వచ్చింది. మా ఆయన తేలిగ్గా తీసిపారేశారు, "వాడికక్కడ మాట్లాడక తప్పదు, ఇక్కడ తప్పించుకోవచ్చు, అంతే" అని. అంతేనా? నేను మాత్రం ఇంకా దానిమీదే ఆలోచిస్తున్నా.

వాళ్ళ రోజు ఎలా ఉంటుందో విన్నాక నాకూ కొంత అర్థమైంది. పొద్దున్న ఆరున్నరకి లేవాలి, వ్యాయామం, టిఫిన్, లేఖనాలు చదువుకోవడం, భాష చదువుకోవడం, తర్వాత రోడ్డెక్కితే రాత్రి తొమ్మిది దాకా బయటే, పదిన్నరకి లైట్లు ఆర్పేయాలి. కంపానియన్‌ని, అంటే జంటగా పెట్టిన తోటి మిషనరీని, వదిలి ఎక్కడికీ వెళ్ళకూడదు, పడకగదీ ఒకటే. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి, కంపానియన్ మారొచ్చు, ఊరే మారిపోవచ్చు, అప్పుడప్పుడే దగ్గరైన వాళ్ళని వదిలి పెట్టె సర్దుకోవాలి. సోమవారం ఒక్కటే కాస్త తీరిక, బట్టలు చేత్తో ఉతుక్కోవడం, సరుకులు, ఫుట్‌బాల్, ఇంటికి ఫోన్. అక్కడ చాలా ఇళ్ళకి కాలింగ్ బెల్ వాడకం తక్కువంట, గేటు బయట నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాలి, నాలుగైదు కొట్టి ఆగాలి, మళ్ళీ కొట్టాలి, లోపలి నుంచి ముందు కుక్క వస్తుంది, తర్వాత మనిషి వస్తారు, వద్దు బాబూ అంటారు, పక్క గేటుకి వెళ్ళాలి. మొదట్లో సిగ్గుతో చప్పుడు రాకుండా కొట్టేవాణ్ణి, ఎవరికీ వినపడకపోతే బావుండనిపించేది అన్నాడు. మధ్యాహ్నం మాత్రం సంఘంలో ఎవరో ఒకరు పిలిచి అన్నం, చిక్కుడు గింజల కూర పెడతారు, అలా వడ్డించే ఆంటీలతో మాట్లాడే వాడికి భాష వచ్చిందంట.

మరి మా అమ్మ కూడా ఇలాగే వడ్డించింది. మేం దానవాయిపేటలో ఉండగా తెల్ల చొక్కా, నల్ల బ్యాడ్జీ పెట్టుకుని ఈ సంఘం మిషనరీలు ఇద్దరు వచ్చేవాళ్ళు, ఒకడు అమెరికా కుర్రాడు, ఇంకొకడు బెంగుళూరు వాడు. అమ్మది లూథరన్ చర్చి, ఇప్పటికీ అదే, మీ మాటలు వద్దు బాబూ అని మొహం మీదే చెప్పేది గానీ అన్నం పెట్టకుండా పంపేది కాదు. నేను ఈ సంఘంలో చేరతానంటే నెలల తరబడి గొడవ పడింది, చివరికి నీ ఇష్టం అంది. ఆ అమెరికా అబ్బాయికి ఒకసారి జ్వరం తగ్గకపోతే కాఫీ ఇవ్వబోయింది, వాళ్ళు తాగరని అప్పుడే తెలిసింది, గంజి కాచి ఉప్పేసి ఇచ్చింది. ఆ కుర్రాడికి ఒక తల్లి ఉంటుందని నాకు అప్పుడు తట్టనే లేదు. అప్పట్లో ఇంటికి ఫోన్ చెయ్యాలంటే క్రిస్మస్‌కి, మదర్స్ డేకి అంతే, మిగతాదంతా ఉత్తరాలే. వారం వారం మాట్లాడుకోనివ్వడం 2019 ఫిబ్రవరి నుంచే. ఆ తల్లికి కొడుకు జ్వరం సంగతి తెలిసేసరికి జ్వరం తగ్గి ఎన్నాళ్ళై ఉంటుందో!

ఇక్కడి తెలుగు స్నేహితులు సూటిగానే అడుగుతారు. చదువు రెండేళ్ళు వెనకపడదా, నెలకి 500 డాలర్లు మీరే ఎదురు కట్టడమేంటి అని. సీటు కాలేజీలో అలాగే ఉంచుతారు, డబ్బు వాడు కొంత దాచుకున్నాడు, మేం కొంత వేస్తున్నాం, వీటికి జవాబులున్నాయి. "మరి ఊళ్ళో వాళ్ళ మతం మార్చడానికా పంపింది" అని ఒకావిడ అడిగారు చూడండి, ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. మన ఊళ్ళల్లో దాని చుట్టూ ఎంత వేడి ఉందో నాకు తెలుసు. మా అమ్మ ఏళ్ళ తరబడి వద్దన్నా ఆ కుర్రాళ్ళు ఆవిణ్ణి గౌరవంగానే చూశారు, మావాడూ అలా ఉంటే చాలు, గేటు వేసేసే వాళ్ళకి ఆ హక్కుంది అనే వాడికి చెప్పా. ఆ ప్రశ్న అడిగినావిడకి నా మాట నచ్చలేదు. నచ్చాలని కూడా నేను అనుకోను.

కష్టమైన సోమవారం కూడా ఒకటి వచ్చింది. వెళ్ళిన కొత్తల్లో. కెమెరా ఆపేసి మాట్లాడాడు, గొంతు పట్టేసింది, వచ్చేస్తానమ్మా అన్నాడు. మా ఆయన "టికెట్ తీస్తాను, ఊఁ అను నాన్నా" అన్నారు. నేను "ఇంకొక్క వారం ప్రార్థన చేసి చూడు" అన్నా. వాడు ఆగాడు, ఇప్పుడు బానే ఉన్నాడు, అందరూ నువ్వు చెప్పింది మంచిదైంది అంటారు. మధ్యలో తిరిగొచ్చిన పిల్లల్ని మా దగ్గర ఎవరూ ఏమీ అనరు గానీ చూసే చూపు మారుతుంది. ఆ రోజు నేను ఆపింది వాడి కోసమా, ఆ చూపుల కోసమా? వాడు బాగున్నాడని దీనికి జవాబు వచ్చేసినట్టు కాదు.

పోయిన నెల మాత్రం ఒక సంగతి జరిగింది. ఏదో పండు రసం తాగాను, పండు కింద గింజ వేలాడుతూ ఉంటుంది, జీడిపప్పు దాన్నుంచే వస్తుందంట నీకు తెలుసా అన్నాడు. తెలుసా ఏంట్రా, నా చిన్నప్పుడు జీడిమామిడి పండు కోసుకుని ఉప్పద్దుకుని తినేవాళ్ళం, గొంతు పట్టేసేది, మరక పడితే బట్టకి పోయేది కాదు అన్నా. వాడు మరక చొక్కా కెమెరాకి చూపించాడు! ఆ చెట్టు అసలు పుట్టిందే బ్రెజిల్‌లో, పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది, అది వాడే చెప్పాడు నాకు. తర్వాత తోట ఎవరిది, ఎవరితో వెళ్ళేదానివి, అమ్మమ్మ తిట్టేదా అని ఒకటే ప్రశ్నలు. రాజమండ్రి గురించి వాడంతట వాడు అన్ని ప్రశ్నలు అడగడం నాకు గుర్తు లేదు. ఇదంతా చూసి తెలుగు క్లాసులు మానేయండి, పిల్లల్ని దూరం పంపండి అని ఎవరికైనా సలహా ఇద్దామా అనుకున్నా, కానీ వేరే ఊరు పడుంటే ఏమయ్యేదో, ఆ పండు వాడి చేతికి రాకపోతే ఏమయ్యేదో. సలహా ఇచ్చేంత ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు వాడి పొద్దున్న తొమ్మిదికి చేస్తున్నాడు, మాకు ఆరు, రాజమండ్రిలో సాయంత్రం అయిదున్నర, అమ్మ కూడా కాల్‌లోకి వస్తోంది. అమ్మమ్మ మోకాలి నొప్పి గురించి తెలుగులో ఎలా అడగాలో ముందే మెసేజ్ పెట్టించుకుంటున్నాడు. అమ్మ "తిన్నావా నాన్నా" అంటుంది, ఏం తిన్నాడో వాడు చెప్పబోయి సగంలో పోర్చుగీసులోకి జారిపోతాడు, అమ్మ అలాగే వింటుంది.

మా చిన్నదానికి పదిహేను. మొన్న చర్చి నుంచి వస్తూ కారులో "నేను మిషన్‌కి వెళ్ళను, నీకు బాధా" అంది. అమ్మాయిలకి తప్పనిసరి కాదు కదమ్మా, నీ ఇష్టం అన్నా. "అన్నయ్యకి మాత్రం అలా చెప్పలేదు కదా" అంది. మా ఆయన అద్దంలోంచి నా వంక చూశారు. నిజమే, వాడికి అలా చెప్పలేదు, వాడు అడగనూ లేదు. దానికి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా, ఇంకా ఏమీ చెప్పలేదు.