ఢోల్ పక్కన సూసాఫోన్

రెండు మూడు జానపద సంప్రదాయాలను కలిపామని చెప్పుకునే రికార్డులను నేను కొంచెం అనుమానంతోనే వింటాను. ఒకరి పాటకు మరొకరి వాద్యాన్ని నగలా తగిలించడమే వాటిలో ఎక్కువగా కనిపిస్తుంది. రెడ్ బరాత్ అనే బృందాన్ని విన్న తరువాత ఆ అనుమానాన్ని కొంత సడలించుకోవలసి వచ్చింది.

జాజ్ డ్రమ్మర్ అయిన సన్నీ జైన్ 2008లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఈ బృందాన్ని నెలకొల్పారు. ఆయన పంజాబీ ఢోల్‌ను భుజానికి తగిలించుకుని వాయిస్తుంటే చుట్టూ ట్రంపెట్, ట్రోంబోన్, సొప్రానో శాక్సోఫోన్, ఒంటికి చుట్టుకుని మంద్రంగా మోగే ఇత్తడి వాద్యమైన సూసాఫోన్, డ్రమ్ సెట్ ఉంటాయి. బరాత్ అంటే ఉత్తర భారతంలో పెళ్లికొడుకును తీసుకువెళ్లే ఊరేగింపు. ఆ ఊరేగింపులో మోగే ఇత్తడి వాద్యాలు బ్రిటిష్ సైనిక బ్యాండ్ల నుంచి వచ్చినవే కనుక, ఈ బృందం పుట్టకముందే దాని పేరులో ఒక కలయిక ఉంది.

నా దృష్టిలో వీరి బలం రాగంలో కాదు, నడకలో ఉంది. పంజాబీ నృత్య సంగీతమైన భాంగ్రాకు ఆధారమైన చాల్ అనే లయలో ఎనిమిది దెబ్బలుంటాయి: ధా నా నా నా, నా ధా ధా నా. 'ధా' పలికినప్పుడు వంకీ తిరిగిన లావుపాటి కర్ర మంద్రపు ముఖంపై పడుతుంది; సన్నని పుల్ల రెండవ ముఖంపై చిటపటలాడుతూనే ఉంటుంది. ఆ దెబ్బలు సమానమైన ఎడంతో పడక కొద్దిగా ఊగుతాయి. జాజ్‌లోనూ, న్యూ ఓర్లీన్స్ వీధి బ్యాండ్లలోనూ ఇటువంటి ఊపే ఉండడం వల్ల ఏ పక్షమూ తన నడకను మార్చుకోనవసరం లేకుండా రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. 2010లో వచ్చిన వీరి మొదటి ఆల్బమ్ పేరులోనే చాల్ ఉండడం నాకు ఎంతో సముచితంగా తోచింది.

స్వరాల సంగతి ఇంత సులభం కాదు. 1818లో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు పేటెంటు పొందిన వాల్వు, అంటే వేలితో నొక్కి గొట్టంలో గాలి దారిని మార్చే మీట, వల్ల ట్రంపెట్ వంటి వాద్యాలకు అన్ని స్వరాలూ అందుబాటులోకి వచ్చాయి. అయితే వాల్వు మెట్టు మెట్టుగా దూకుతుందే తప్ప జారదు. పంజాబీ పాటకు జారుడు ప్రాణం. అందుకే నా చెవి ట్రోంబోన్ కోసం వెతుకుతుంది, ఎందుకంటే దాని గొట్టాన్ని వెనక్కూ ముందుకూ జరుపుతూ స్వరం నుంచి స్వరానికి తెగకుండా ప్రయాణించవచ్చు.

రుమేనియాలోని జెచె ప్రజీని గ్రామానికి చెందిన రోమా (జిప్సీ) జాతివారి ఇత్తడి వాద్య బృందం ఫన్‌ఫారె చొకర్లియా కూడా నాకు ఇష్టమే. అయితే అక్కడ కలయిక తరతరాలుగా ఊరిలోనే జరిగింది. బ్రూక్లిన్‌లో అది తెలిసి చేసిన పని. తెలిసి చేసినప్పుడు అతుకు బయటపడే ప్రమాదం ఎక్కువ, కేకలు, పిలుపులు వాద్యాలను మించిపోయిన చోట వీరికీ అది తప్పలేదని నా అభిప్రాయం.

వినదలచినవారు మొదటిసారి ట్రంపెట్‌ను వదిలి సూసాఫోన్‌ను మాత్రమే అనుసరించి చూడండి. ఒంటి చుట్టూ తిరిగిన ఆ పెద్ద గొట్టాన్ని నింపడానికి వాద్యకారుడు తరచుగా ఊపిరి తీసుకోవాలి. అతడు ఆగిన ఆ చిన్న ఖాళీలో ఢోల్ మంద్రపు ముఖం మోగుతుంది, అడుగు తప్పదు.