ఆవులించిన నోరు మూతపడలేదు

ఇప్పుడు జొన్నరొట్టె నమిలి తినగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు, పొద్దున లేచేసరికి కణతల దగ్గర బిగుతు, వీటితో చాలాకాలం తిరిగాను. చెవిలో చుక్కలన్నారు, యాంటీబయాటిక్ అన్నారు, జ్ఞానదంతం తీసేద్దామన్నారు. ఒక పెద్ద డాక్టరు గారైతే నా దవడ మీద చెయ్యి కూడా వేయకుండా, నాతో కాదు, మా ఆయనతో, "ఆడవాళ్ళకి ఇవి మామూలేనండీ, టెన్షన్ తగ్గించుకోమనండి" అన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రాత్రి పిల్లాడిని నిద్రపుచ్చి గట్టిగా ఆవులించాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మూద్దామంటే దవడ కదలదు, గొంతులోంచి శబ్దమే తప్ప మాట రాదు, చొంగ మెడ మీదికి కారిపోతోంది, చెవుల ముందు తడిమితే గుంటలు పడ్డట్టున్నాయి. పక్షవాతమేనని అత్తయ్య ఏడుస్తూ ఆంజనేయస్వామికి వడమాల మొక్కారు. నేనూ అదే అనుకున్నాను. ఇక పిల్లాడిని పేరు పెట్టి పిలవగలనా అని ఒకటే భయం. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఆటోలో వెళ్ళాం.

క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు చూస్తూనే "పక్షవాతం కాదక్కా, దవడ కీలు జారింది, సరిచేస్తాను" అన్నాడు. సగం ప్రాణం లేచొచ్చింది. బొటనవేళ్ళకు గాజుగుడ్డ చుట్టుకుని, కింది దవడ పళ్ళ మీద ఆనించి, కిందికి నొక్కి వెనక్కి నెట్టాడు. టక్కుమని నోరు మూసుకుంది. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి. వడమాల కూడా ఆలస్యం చేయకుండా వేయించాం.

తర్వాత ఎక్స్‌రే, గడ్డం కింద కట్టు, కొన్నాళ్ళు జావ, పెరుగన్నం. నిద్రలో పళ్ళు నూరుతున్నానని డెంటల్ కాలేజీలో చెప్పేదాకా నాకే తెలియదు. రాత్రి పళ్ళకు తొడుగు ఇచ్చారు, వేడి కాపడం పెట్టమన్నారు, ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించమన్నారు. ఆపరేషన్ అవసరం రాలేదు.

నొప్పి లేకుండా చప్పుడొక్కటే ఉంటే కంగారు పడకండి. నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోయినా, దవడ పట్టేస్తున్నా డెంటల్ కాలేజీలో దవడ సర్జన్‌కి చూపించండి. నోరు మూతపడకపోతే ఇంట్లోవాళ్ళను లాగనివ్వకండి, నేరుగా ఆసుపత్రికే వెళ్ళండి. దవడ నొప్పితో పాటు ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడితే మాత్రం కీలు అనుకుని కూర్చోవద్దు, అది గుండెపోటు కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.