మొదటి మూడేళ్లు

పీవీ నరసింహారావు లా పట్టా నాగపూర్‌లో తీసుకున్నారు. ఆ తరంలో మన ఓరుగల్లు పిల్లలు నల్లకోటు వేసుకోవాలంటే ఊరు దాటక తప్పేది కాదు. 1976లో కాకతీయ యూనివర్సిటీ ఏర్పడి, హన్మకొండలోనే లా చదువుకునే వీలు కలిగాక పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో మొదటి వకీలు తయారయ్యారు. మా ఇల్లు అందులో ఒకటి. మా నాన్నకు కోర్టు అంటే పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి ఇంకో తారీఖు పట్టుకుని తిరిగొచ్చే చోటు. ఆయన బిడ్డ అదే కోర్టులో వకాలత్ వేసిందంటే ఆ ఘనత హన్మకొండలోని మన లా కాలేజీదే. కాలేజీ కోసం మన పూర్వ విద్యార్థుల సంఘం నిధి పోగుచేస్తున్న ఈ వేళ, ఆ డబ్బు ముందు ఎవరికి పోవాలో నా అనుభవంతో చెబుతాను.

మాకు సివిల్ ప్రొసీజర్, అంటే సివిల్ కేసులు నడిపే పద్ధతి, చెప్పిన సార్‌ది ఒక పద్ధతి ఉండేది. మూట్ కోర్టులో, అంటే విద్యార్థులు వాదించే నమూనా కోర్టులో, ఎవరు లేచి సెక్షన్ నంబర్ ఎత్తుకున్నా ఆపేసేవారు. "ముందు తారీఖులు చెప్పమ్మా. ఎప్పుడు కొన్నరు, ఎప్పుడు కబ్జా అయింది, ఎప్పుడు నోటీసు ఇచ్చిన్రు? చట్టం సంగతి జడ్జిగారికి తెలుసు, మన కేసు సంగతే ఆయనకు తెలియదు" అనేవారు. కాగితం ఎడమ పక్కన తారీఖులు, కుడి పక్కన జరిగిన సంగతులు రాయించి, ఆ కాగితం లేనిదే మాట్లాడనిచ్చేవారు కాదు. ఈ రోజుకీ నా ప్రతి ఫైల్లో మొదటి పేజీ అదే. నా దగ్గరికి వచ్చే జూనియర్లకూ మొదటి నెలంతా ఆ పేజీ రాయడమే పని.

చదువు నాకు నిజంగా ఒంటబట్టింది మాత్రం ఏటూరునాగారం వైపు వేసిన న్యాయ సహాయ శిబిరంలో. దాదాపు వంద కిలోమీటర్ల దారి. స్కూలు వరండాలో రెండు బల్లలు వేసుకుని కూర్చున్నాం. ఒక పెద్దవ్వ ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పెట్టింది. మడతల దగ్గర చినిగితే అన్నం మెతుకులతో అంటించారు. ఆమె భర్త ఎప్పుడో అప్పు కింద రెండెకరాలు బయటి నుంచి వచ్చిన షావుకారికి రాసిచ్చిన తెల్లకాగితం. కింద వేలిముద్ర. "బిడ్డా, ఈ కాయితం చెల్లుతదా?" అని అడిగింది.

చెల్లదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారడానికి వన్ ఆఫ్ సెవెంటీ, అంటే 1970 నాటి ఏజెన్సీ భూబదలాయింపు నిబంధన, ఒప్పుకోదు. పరీక్షలో ఆ ప్రశ్నకు మంచి మార్కులే వచ్చాయి నాకు. కానీ ఆమెకు కావలసింది చెల్లదన్న మాటొక్కటే కాదు. ఎక్కడికి పోవాలి, ఎవరికి అర్జీ పెట్టాలి, ఏ కాగితాలు జతచేయాలి అన్నది కావాలి. ఆ కేసు మామూలు సివిల్ కోర్టుకు పోదని, గిరిజన సంక్షేమం చూసే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర వేయాలని మా వెంట వచ్చిన మేడం విడమరచి చెప్పారు. అర్జీ నాతోనే రాయించారు. మూడుసార్లు చింపించి మళ్లీ రాయించారు. పెద్దవ్వ పేరు, ఊరు, సర్వే నంబర్, అడిగేదేమిటి, అంతే ఉండాలన్నారు. కేసు సంగతి, అడిగేది రాసి ఇచ్చే కాగితాన్ని ప్లీడింగ్ అంటాం. నా జీవితంలో నేను రాసిన మొదటి ప్లీడింగ్ అదే.

అప్పటికీ ఇప్పటికీ కాలేజీ చాలా ముందుకొచ్చింది. మా బ్యాచ్‌లో అమ్మాయిలు ఒక బెంచీ నిండితే గొప్ప. ఈమధ్య అతిథిగా వెళ్తే క్లాసులో ఎటు చూసినా వాళ్లే కనిపించి కడుపు నిండిపోయింది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు వచ్చాక ప్రాక్టికల్స్‌కు విలువ పెరిగింది. మూట్‌లు చేయాలి, ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ కోర్టులో కూర్చుని చూసి రికార్డు రాయాలి. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండి తీరాలన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మేము ఏఐఆర్ అనే తీర్పుల సంపుటాలు మోసుకొచ్చి వెతుక్కున్న తీర్పులు పిల్లలు ఫోన్‌లో నిమిషంలో తీస్తున్నారు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత సెక్షన్, కొత్త సెక్షన్ రెండూ నోటికి వచ్చిన పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. హత్య కేసును మా వయసు వాళ్లమే ఇంకా 302 అంటున్నాం, వాళ్లు 103 అని సరిదిద్దుతున్నారు.

మరి ఈ సంచిక వేళ మన పూర్వ విద్యార్థుల సంఘం తలపెట్టిన నిధి సంగతి. ఆడిటోరియం కట్టిద్దామని కొందరు, ముఖద్వారం కట్టిద్దామని కొందరు అంటున్నారు. వాళ్ల ప్రేమను నేను తక్కువ చేయను. అయినా నా మాట సూటిగా చెబుతాను. మొదటి రూపాయి, పట్టా చేతికొచ్చాక కోర్టులో నిలదొక్కుకోలేక వెనక్కి పోతున్న పిల్లలకు పోవాలి.

చదువుకునేటప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, హాస్టల్ ఉంది. పట్టా వచ్చిన మర్నాడు ఏమీ లేదు. వకీలుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు భారం కొంత తగ్గింది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అడ్వకేట్స్ చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించి వసూలు చేయకూడదు. ఆ తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ఈలోపు హన్మకొండలో గది అద్దె, కోటు, మెడకు కట్టే తెల్ల బ్యాండ్, బేర్ యాక్ట్‌లు అనే చట్టాల పుస్తకాలు, రోజూ ఆటో ఖర్చు. సీనియర్ దగ్గర మొదటేడు చేతికొచ్చేది చాలాసార్లు పెట్రోలుకే సరిపోదు. తండ్రో తాతో వకీలైతే ఆఫీసు, క్లయింట్లు ఇంట్లోనే ఉంటారు. కూలి చేసి చదివించిన ఇంటి పిల్లకు కోర్టులో ఆ మొదటి మూడేళ్లు గడవవు. ఎంత చురుకైన వాళ్లు ఏదో ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరిపోయారో నా కళ్లారా చూశాను. ఆడపిల్లలకైతే ఆ లోపే పెళ్లి టెన్షన్ మొదలవుతుంది.

అవసరం చూస్తే ఇంతకు ముందెన్నడూ లేనంత ఉంది. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు జిల్లాలు. 2022 జూన్ 2న రాష్ట్రంలో 33 జ్యుడీషియల్ జిల్లాలు అమల్లోకి వచ్చాయి. ములుగులో, భూపాలపల్లిలో జిల్లా కోర్టులు నడుస్తున్నాయి. అక్కడి మనుషుల మాట, భూమి సంగతి తెలిసిన వకీళ్లు అక్కడే కావాలి. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు, పాస్‌బుక్‌లో తప్పులు, 2025లో వచ్చిన భూభారతి చట్టం కింద దరఖాస్తులు, పోడు పట్టాలు. పని కుప్పలుగా ఉంది. చేయాల్సిన పిల్లలు అద్దె కట్టలేక ఆగిపోతున్నారు.

కాబట్టి వసూలైన డబ్బు ఒకేసారి ఖర్చు పెట్టకుండా మూలధనంగా ఉంచాలి. కోటి రూపాయలు పోగై, ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి ఏడు లక్షలు. నెలకు ఐదు వేల చొప్పున పదకొండు మందికి ఏడాదంతా ఇవ్వొచ్చు, ఇంకో నలభై వేలు మిగులుతాయి. ఆ మిగిలినవి శిబిరాలకు జీపు ఖర్చు. ఆ భృతి తీసుకున్నవాళ్లు వారంలో ఒక రోజు కాలేజీ న్యాయ సహాయ కేంద్రంలో కూర్చోవాలి, నెలకోసారి ఏజెన్సీ శిబిరానికి వెళ్లాలి. అలా రెండు పనులూ ఒకే డబ్బుతో అవుతాయి. లైబ్రరీలో తీర్పుల డేటాబేస్ చందాకు విడిగా ఏటా ఇచ్చేవాళ్లను చూసుకుందాం.

డబ్బు విషయంలో జాగ్రత్తలు మనకు ఎవరో నేర్పాల్సిన పని లేదు. ట్రస్టుకు 80జీగా పేరుపడ్డ ఆదాయపు పన్ను గుర్తింపు ఉంటే ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు వస్తుంది. రెండు వేలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు కనుక చెక్కో, ఆన్‌లైనో అడుగుదాం. అమెరికాలో ఉన్న మనవాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి ఇవ్వొచ్చు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బుకు మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి కావాలి. ఈ తేడా రసీదు రాసే ముందే చూసుకోవాలి. ఆడిట్ లెక్క ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో కనీసం సగం మంది మహిళా న్యాయవాదులుండాలని, ములుగు, భూపాలపల్లి బార్ అసోసియేషన్ల నుంచి ఒక్కొక్కరు ఉండాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. ఏజెన్సీ నుంచి వచ్చే ఒక అమ్మాయికి మూడేళ్ల భృతి నేనే భరిస్తాను. మొదటి ఏడాది చెక్కు ఈ వ్యాసంతో పాటే సంఘానికి పంపుతున్నాను.