నల్లబల్ల మీది పేర్లు తెర మీదికి వచ్చాక

మా చిన్నప్పుడు మాస్టారు లేని పీరియడ్‌లో తరగతి లీడరు సుద్దముక్క పట్టుకుని, మాట్లాడినవారి పేర్లను నల్లబల్ల మీద రాసేవాడు. మళ్లీ నోరు విప్పితే పేరు పక్కన ఒక ఇంటూ పడేది. లీడరు స్నేహితుడు ఎంత గోల చేసినా అతని పేరు మాత్రం బల్లకెక్కేది కాదు. నిరుడు మా ఏడో తరగతి గదిలో పెద్ద డిజిటల్ తెర మీద క్లాస్‌డోజో తెరిచి, పిల్లల పేర్ల కింద పాయింట్లు వేయడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే నాకు ఆ నల్లబల్ల గుర్తుకు వచ్చింది.

క్లాస్‌డోజో 2011లో అమెరికాలో మొదలైన యాప్. అందులో ప్రతి విద్యార్థికీ ఒక బుల్లి భూతం బొమ్మ ఉంటుంది. శ్రద్ధగా పని చేసినా, తోటివారికి సాయపడినా పాయింటు కలపవచ్చు. అల్లరి చేస్తే తీసివేయవచ్చు. కలిపినప్పుడు ఒక శబ్దం, తీసివేసినప్పుడు మరొక శబ్దం వస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది కాబట్టి, గుంజీలూ గోడకుర్చీలూ లేకుండా తరగతిని నడపడానికి ఇది మంచి దారి అని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. అయితే ఆ తీసివేత శబ్దం వినబడగానే తరగతి మొత్తం ఒకే పిల్లవాడి వైపు తిరగడం, వాడు తల వంచుకుని పెన్ను మూతను తీస్తూ పెడుతూ కూర్చోవడం చూశాక ఆ నమ్మకం నిలవలేదు. పదిమందిలో తలదించుకునేలా చేయడం గోడకుర్చీకి ఏమాత్రం తీసిపోని శిక్ష.

ఆ రోజు నుంచి పాయింట్లను తెర మీద చూపడం మానేశాను. శబ్దం ఆపి, పేర్లకు బదులు రోల్ నంబర్లు పెట్టి, నా ఫోన్‌లోనే నమోదు చేసుకుంటున్నాను. తల్లిదండ్రులకు తీసివేతలు పంపడం లేదు. పంపితే మనం బడిలో వదిలేసిన బెత్తాన్ని ఇంట్లో ఎవరో ఒకరు అందుకుంటారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి ప్రవర్తనపై నిఘాను సాధారణంగా నిషేధిస్తుంది. దాని నియమాల్లో విద్యాసంస్థలకు కొంత వెసులుబాటు ఉన్నా, ఒక పిల్లవాడి ఏడో తరగతి అల్లరి ఎక్కడో సర్వర్‌లో ఏళ్ల తరబడి నిలిచిపోవడం నాకు సమ్మతం కాదు. అందుకే సంవత్సరాంతంలో అన్నీ తుడిచేస్తాను.

ఇలా రెండు వారాలు రాసుకున్నాక నివేదిక తెరిచి చూస్తే, తీసివేతల్లో ఎక్కువ భాగం పడమటి కిటికీ పక్క బెంచీలో కూర్చునే నలుగురివే, అవీ మధ్యాహ్న భోజనం తరువాతి పీరియడ్లలోనివే. మరుసటి రోజు అదే వేళకు వెళ్లి ఆ బెంచీలో కూర్చున్నాను. ఎండ నేరుగా తెర మీద పడి, తెల్లటి మెరుపు తప్ప ఒక్క అక్షరమూ కనబడలేదు. నేను ‘కబుర్లు’ అని నమోదు చేసినవి చాలావరకు “ఏం రాశార్రా?” అని పక్కవాణ్ని అడగడమే.

కిటికీకి పాత దుప్పటి ఒకటి కట్టించాను. ఆ నలుగురి పేరిట పడిన పదకొండు తీసివేతలనూ తొలగించి, ఎందుకు తొలగించానో వారి దగ్గరికే వెళ్లి చెప్పాను.