పైకొండని ‘గడ్డి నేల’ అని రాయించడానికి మూడు వానాకాలాలు

నిన్న సాయంత్రం ఆమోదం కాగితం చేతికొచ్చింది. ఒడిశాలో గుణుపురం ఎగువన, వంశధారలో కలిసే ఒక గెడ్డకి రెండు పక్కలా ఉన్న కొండ అది. గెడ్డ పొడుగునా అడవి, నడుమ లాంటానా అనే కలుపు తుప్పలు, పైన గడ్డి. లాంటానా తీసి, ఆ కొండ చెట్లనే మళ్లీ పెంచి, పైన గడ్డిని గడ్డిగానే ఉంచే పని ఇది; పై ఊరి సవరలు, కింది ఊరి తెలుగువాళ్లం కలిసి మొదలుపెట్టాం. ఇలాంటి పనికి దిగేవాళ్లకి అక్కరకొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

హక్కు పత్రం దగ్గర పెద్ద ఇబ్బంది రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుకి, అంటే ఊరంతా కలిసి చూసుకునే అడవికి, ఫారం ‘సి’ పెట్టాలి. గ్రామసభకి సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఆ సంతకాల్లో తప్పు దొరకనివ్వకండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసిన రసీదు అడిగి తీసుకోండి, విసుక్కున్నా సరే.

లాంటానా తీత కూడా కష్టపడితే అయ్యేదే. పైన నరికితే రెట్టింపు చిగుళ్లేస్తుంది. మొదలు దగ్గర మట్టి తోసి, నేలకి రెండు మూడు వేళ్ల లోతున తల్లివేరుని గునపంతో తెంచి, తుప్పని తలకిందులుగా పెట్టాలి. కాయ పండకముందే తీయాలి. పిట్టలు వాలే చెట్ల కింద మొలకలు మళ్లీ వస్తాయి, కనీసం రెండు మూడేళ్లు చేత్తో పీకుతూనే ఉండాలి.

నర్సరీకి గింజ ఆ కొండదే కావాలి. ఊరికే దొరుకుతున్నాయని ఎక్కడివో మొక్కలు తెచ్చుకోకండి. ఎగువ నాటేవాటికి ఎగువ చెట్ల గింజ, గెడ్డ పక్క వాటికి గెడ్డ పక్క గింజ. ఒక్కో రకానికి దూరదూరంగా ఉన్న ఇరవై ముప్ఫై చెట్ల నుంచి తీయండి, ఏ చెట్టు కిందా మూడో వంతుకి మించి ఏరకండి. కరక్కాయ, తానికాయ గుజ్జు తీసి రెండు రోజులు నీళ్లలో, ఆపైన పేడనీళ్లలో నానబెట్టాలి. మద్దికి రెండు మూడు రోజులు నీళ్లు చాలు. ఉసిరికాయని టెంక పగిలేదాకా ఎండబెట్టి, నీళ్లలో మునిగిన గింజే వాడాలి. నేరేడు గుజ్జు కడిగి వారంలోపు వేసేయాలి. జీలుగ (కల్లు తీసే చెట్టు) పళ్ల గుజ్జు చేతికి తగిలితే దురద చంపేస్తుంది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి. దాని మొలకకి నెలలు పడుతుంది, సంచులు పారబోయకండి.

సంచిలో ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, మాగిన పెంట ఒకటి. నెల నెలా సంచుల్ని కదపకపోతే వేళ్లు కింద నేలలోకి దిగి, నాటే రోజున తెగిపోతాయి. నాటడానికి నెల ముందు నుంచి నీళ్లు తగ్గిస్తూ రావాలి.

గుగ్గిలం (సాల) చెట్టుకి ఈ లెక్కలేవీ పనికిరావు. జూన్‌లో రాలిన గింజ వారం పది రోజుల్లో చచ్చిపోతుంది. ముందుగా రాలేవాటిలో పురుగు పట్టినవి ఎక్కువ, వాటిని వదిలేసి రెండో విడత రాలినవి ఏరండి. రెక్కలు తుంచి, మూడు రోజుల్లో వేసేయాలి. తడి ఇసుకలో పెడితే ఇంకొన్ని రోజులు ఆగుతుంది, అంతే. నైలాన్ సంచిలో కట్టి ఉంచితే వేడెక్కి కుళ్లిపోతుంది. పాలిథిన్ సంచిలో తల్లివేరు అడుగు తాకి చుట్టుకుంటుంది కాబట్టి మేం సంచులు మానేసి, కొండ మీదే గుంటకి రెండు గింజల చొప్పున రెండు వేళ్ల లోతున నేరుగా వేశాం.

అసలు గొడవ అక్కడ మొదలైంది. గుగ్గిలం మొక్క మొదటి కొన్నేళ్లు ఎండల్లో పైకాడ ఎండిపోయి, వానలకి వేరుమొదలు నుంచి మళ్లీ లేస్తుంది. దాని పద్ధతే అది. మార్చిలో తనిఖీకి వచ్చిన ఉద్యోగి ఎండిన పుల్లల్ని చూసి ‘మృతం’ అని రాసుకుంటూ పోయాడు. మొదలు దగ్గర గోటితో గీరితే పచ్చగా ఉందని చూపించినా పెన్ను ఆగలేదు. మీ చోట బతికిన మొక్కల లెక్క మార్చిలో పెడితే ఒప్పుకోకండి, ఆగస్టులో పెట్టమని రాతపూర్వకంగా అడగండి.

దాని తర్వాతది పైకొండ. భూమి రికార్డులో కిసమ్ (నేల రకం) గడిలో ‘పతిత’ అని ఉంది. పతిత అంటే పనికిరాని ఖాళీ అని ఆఫీసువాళ్ల లెక్క. ఖాళీ కాబట్టి హెక్టారుకి 1,600 గుంటలు, రెండున్నర మీటర్లకొకటి, 45 సెంటీమీటర్ల లోతు, తవ్వాల్సిందే అన్నారు. అది అడవి పోయి మిగిలిన నేల కాదు, మొదటి నుంచీ గడ్డే అని మేం రాసిచ్చాం. ఆ కాగితాన్ని గది నిండా జనం ఉండగా పైకి చదివి, “గడ్డి నాటడానికి డబ్బు కావాలా? ఆవులకి చెప్పండి, అవే నాటుతాయి” అన్నాడు అక్కడి అధికారి. అందరూ నవ్వారు. పై ఊరి నుంచి పొద్దున్నే నడిచొచ్చిన పెద్దావిడ నా పక్కనే నిలబడి ఉంది. ఒడియా అక్షరమ్ముక్క రానివాళ్లు మ్యాపులు గీస్తారా అని ఇంకో మాట కూడా అన్నాడు. ఆ రోజు నోరెత్తలేకపోయాను.

మాటలతో కాదని అర్థమై, మరుసటి ఏడాది కొలతలు పట్టుకెళ్లాం. పైకొండ మీద 12 చోట్ల గుంటలు తవ్వితే, 9 చోట్ల 25 సెంటీమీటర్లు దిగకముందే రాయి తగిలింది. ఒక్కోదాంట్లో స్కేలు నిలబెట్టి ఫొటో తీశాం. రాతి మీద తవ్విన గుంట గిన్నెలాంటిది: వానల్లో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, వేసవిలో అదే పెనంలా కాగుతుంది. పైగా తవ్విపోసిన మట్టి మీద ముందు మొలిచేది సియాం కలుపు అనే బయటి మొక్క. ఇంకో పని, మీటరు చదరపు చెక్క చట్రం 20 చోట్ల పెట్టి లోపల ఉన్నదంతా రాశాం. నేలతాడి దుంపలు, చిట్టీత మొదళ్లు అడుగడుగునా ఉన్నాయి. ఏటా పైన కాలినా, ఎండినా దుంప నుంచి మళ్లీ లేచేవి ఇవి. ఒక్క పాత మోడు గానీ, మోడు వేరు గానీ కనపడలేదు. పాత గడ్డినేలకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మ్యాపు ఒడియాలోనే గీయించి ‘ఘాస జమి’ (గడ్డి నేల) అని రాయించాం. మధ్యలో ‘గోచర్’ అని రాసేస్తే పని అయిపోతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. ఒప్పుకోకండి. గోచర్ అంటే మేతకి వదిలిన నేల, రేపు మందలొస్తే ఆపడానికి మీ దగ్గర మాట ఉండదు.

కొత్తగా వచ్చిన అధికారి గుంటల ఫొటోలు చూసి, ఏమీ అడక్కుండా తనే కొండెక్కి వచ్చాడు. నిన్నటి కాగితం ఆయన సంతకంతోనే వచ్చింది: పైన గుంటలు రద్దు, లాంటానా తీసిన బోసి మచ్చల్లో మాత్రం గడ్డి.

ఆ గడ్డి పని ఇలా. వానలు కుదురుకున్నాక బోదగడ్డి దుబ్బు తవ్వి పిలకలుగా విడదీయాలి. దుబ్బులో సగం అక్కడే ఉంచాలి. ఆకుని జానెడుకి కత్తిరించి, అడుగుకి ఒకటి చొప్పున, వాలుకి అడ్డంగా, వరస తప్పించి నాటాలి. వంద చదరపు మీటర్లకి దాదాపు 1,100 పిలకలు పడతాయి, అందుకే కొండంతా నాటాలనుకోకండి. గెడ్డ అంచుకి కొండచీపురు దుబ్బులు వేస్తే కట్ట కోసుకుపోదు, మూడో ఏటికి చీపురు కూడా చేతికొస్తుంది. పంచెకి గుచ్చుకునే ముల్లుగడ్డి గింజ మాత్రం కోసిన వెంటనే మొలవదు. నవంబరు, డిసెంబరులో కోసి, నీడన ఆరబెట్టి, గోనెసంచిలో వేసవి దాటించి, తొలకరికి చల్లాలి. మేం మొదటి ఏడు కోసిన నెలకే చల్లి, ఒక్క మొలకా రాక గింజంతా పోగొట్టుకున్నాం. ఈసారి కోసేదాన్ని పై ఊరి బడి అటక మీద దాస్తామని మాట ఇచ్చారు, ఎలుకలు పట్టకుండా సంచుల్ని దూలానికి వేలాడదీయాలి.